సాదాసీదా బతుకు, చిన్న చిన్న అలవాట్లు

(ఫలక్‌నుమాలో జరిగిన రైతు సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిరాడంబర జీవితం గురించి, రోజువారీ అలవాట్ల గురించి మాట్లాడమని నాకు చెప్పారు. విషయం చదవగానే వెనక వరుసలో ఒక అన్న నవ్వాడు. "ఉన్నోడు తగ్గించుకుంటే నిరాడంబరం. లేనోడు తగ్గించుకునేది ఏముంటది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మనకు దగ్గర్లోనే గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. ఆకాశానికి అద్దం అని ఆ పేరుకు అర్థం. పాయిగా వంశస్థుడు వికారుల్ ఉమ్రా 1884లో దాన్ని కట్టడం మొదలుపెట్టాడు. ఒకేసారి 101 మంది కూర్చుని తినే బల్ల అందులో ఉంది. ఖర్చు మోయలేక కట్టిన దొరే అప్పు చేశాడని చెప్పుకుంటారు. చివరికి ఆ భవనం ఆరో నిజాం చేతికి పోయింది. 2010 నుంచి అది పెద్ద హోటల్.

ఆరో నిజాం కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తీరు వేరు. 1937లో అమెరికా టైమ్ పత్రిక ఆయన్ని ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రంగా వేసింది. అంతటి మనిషి పాత టోపీతో, వెలిసిన షేర్వానీతో కాలం గడిపాడు. జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు పెట్టుకున్నాడు. మరి ఇది నిరాడంబరమేనా? రాజ్యంలో ఇంచుమించు పదో వంతు భూమి సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖాతా. ఈ పట్నం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఆ ఖాతాలోదే. అక్కడి శిస్తు ఆయన సొంత ఖజానాకు పోయేది. 1949లో గానీ సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలవలేదు. రాజు టోపీ పాతదైనంత మాత్రాన తెలంగాణ పల్లెలో వెట్టి తగ్గలేదు. దాన్ని పిసినారితనం అంటాం గానీ నిరాడంబరం అనం.

ఇక రెండో రకం మనుషులున్నారు. రావి నారాయణరెడ్డి భూస్వామి ఇంట పుట్టి, తన భూమిని పేదలకు పంచాడు. 1952 ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు ఆయన్ని నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీతో పార్లమెంటుకు పంపారు. పుచ్చలపల్లి సుందరయ్య ఆస్తిని ఉద్యమానికి ఇచ్చి, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లాడు. వాళ్లు తగ్గించుకున్నది పక్కవాడికి చేరింది. మనం మాట్లాడుకోవాల్సిన సాదా బతుకు అది.

మిత్రులారా, ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రైతు చచ్చిపోతే "పెళ్లికి ఎక్కువ ఖర్చు పెట్టాడు, బండి కొన్నాడు" అనేవాళ్లు తయారుగా ఉంటారు. పంటకు ధర రాకపోతే ఎంత పొదుపు చేసినా అప్పు తీరదు. కాబట్టి పొదుపు ధరకు బదులు కాదు. పోరాటంలో నిలబడటానికి కాలికింద గట్టి నేల, అంతే. ఆ నేలను గట్టిపరిచే అలవాట్లు కొన్ని చెబుతాను.

మొదటిది, రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక పుస్తకంలో లెక్క రాయడం. విత్తనం, ఎరువు, దున్నకం, కూలి అన్నీ రాయండి. మీరు, మీ ఇంటి ఆడవాళ్లు చేసిన పని కూడా ఎన్ని రోజులో రాయండి. ఎందుకంటే మద్దతు ధర లెక్కలో ప్రభుత్వం చేతి ఖర్చును, ఇంటివాళ్ల శ్రమను తీసుకుంటున్నది. సొంత భూమి కౌలును, సొంత పెట్టుబడి మీద మిత్తిని వదిలేస్తున్నది. వాటిని కూడా కలిపిన సీ2 ఖర్చు మీద సగం అదనంగా ఇవ్వాలని మనం అడుగుతున్నాం. మన పుస్తకంలో మన శ్రమే లేకపోతే కలెక్టరాఫీసు ముందు ఏం చూపిస్తాం?

రెండోది, రసీదు అడగడం. విత్తన సంచి చింపినంక దాన్ని పారేయకండి. లాట్ నంబరున్న చీటీ, బిల్లు, సంచి, గుప్పెడు గింజలు పంట చేతికొచ్చేదాకా దాచండి. మొలక రాకపోతే నష్టపరిహారం అడగడానికి అవే సాక్ష్యం.

మూడోది, ఉద్దెర తగ్గించడం. ఉద్దెర తెచ్చేవాడు దుకాణదారు ఇచ్చిన మందే కొట్టాలి, చెప్పిన ధరకే కొనాలి. మందు కొనే ముందు పొద్దున్నే చేనంతా ఒకసారి తిరిగి, ఆకు తిప్పి చూడండి. పురుగు నిజంగా ఎంత ఉందో తెలుస్తుంది.

నాలుగోది, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టకపోవడం. నూటికి 2 రూపాయల మిత్తి చిన్నగా వినిపిస్తుంది. లక్షకు ఏడాదికి 24,000 అవుతుంది. అదే కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణం గడువులో కడితే పడే వడ్డీ 4 శాతమే, లక్షకు 4,000. కౌలు రైతుకు ఆ కార్డు అందడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. అది మనం కొట్లాడి సాధించాల్సింది.

ఐదోది, విత్తనం దాచుకోవడం. హైబ్రిడ్ కాని వరి, కంది, పెసర మన గింజే మళ్లీ వేసుకోవచ్చు. 2001 చట్టం ఆ హక్కు మనకిచ్చింది. ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. వేపాకు వేసిన కుండలో పది కిలోల కంది దాచడం చిన్న పనే, కానీ ఆ మేరకు దుకాణం గడప తొక్కనక్కర్లేదు.

ఇప్పుడు ఇంటి మాట. పొదుపు అనగానే చాలా ఇళ్లల్లో ముందు కోత పడేది ఆడవాళ్ల పళ్లెంలోనే. అందరూ తిన్నాక అడుగు మిగిలింది ఆమె తింటుంది, పాలు అమ్మకానికి పోతాయి. దాన్ని సాదా బతుకు అనొద్దు. తగ్గించాల్సింది బెల్టు షాపు ఖర్చు, పెళ్లి పందిట్లో పోటీ. లెక్కల పుస్తకం ఇంటామె చేతిలో పెట్టండి. ఏది తగ్గించాలో ఆమెకు మనకంటే బాగా తెలుసు.

చివరిగా సంఘం మాట. మన మీటింగుల్లో ఫ్లెక్సీలు, శాలువాలు, పూలదండలు ఎక్కువయ్యాయి. వచ్చే సభ నుంచి ఆ డబ్బుతో ఊరికొక తేమ కొలిచే మిషన్ కొందామని నా ప్రతిపాదన. వడ్లకు తేమ 17 శాతం దాటొద్దని, పత్తికి 8 శాతం దాటితే ధర కోస్తామని అంటారు. కల్లంలోనే మనం కొలుచుకుని పోతే, సెంటర్‌లో ఎవరు ఎంత చెబితే అంత అని తలూపాల్సిన పని లేదు. చందాకు రసీదు, ఖర్చుకు లెక్క, సభకు టైము – ఈ మూడూ పాటించే సంఘాన్ని సభ్యుడు నమ్ముతాడు.

నవ్విన అన్నకు నా జవాబు ఒక్కటే. మన దగ్గర తగ్గించుకునేది తక్కువే. కానీ ఒకరికి తలవంచాల్సిన సందర్భాలు చాలా ఉన్నాయి. రోజుకు ఒకటి తగ్గించుకుంటూ పోదాం. ఈ ప్రతిపాదన మీద మీరంతా చర్చించి, ఇవాళే తీర్మానం చేయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.