ఒంటిమీద నిలిచే శిల్పం



బడి వార్షికోత్సవం దగ్గరపడగానే ఇంటికొక చీటీ వస్తుంది: పారవేసే వస్తువులతో పిల్లవానికి వేషం తయారుచేసి పంపవలెనని. ఆ సాయంత్రమే తల్లో తండ్రో దుకాణానికి వెళ్ళి ప్లాస్టిక్ చెంచాలు, థర్మోకోల్ పలకలు, మెరుపు కాగితాలు కొని తెస్తారు. చెత్తనుండి కళ పుట్టవలసిన చోట కళ పేరిట కొత్త చెత్త పుడుతున్నది. ఇది తల్లిదండ్రుల తప్పు కాదు. ఈ కళ ఏమిటో, దాని కష్టమెక్కడున్నదో ఆ చీటీ చెప్పదు.

బట్టకాని వస్తువుతో ఉడుపు కట్టడాన్ని ఒక ప్రత్యేక కళగా నిలబెట్టిన ప్రదర్శన న్యూజీలాండ్ దేశంలోని నెల్సన్ ప్రాంతంలో 1987లో మొదలయినది. సూజీ మాన్‌క్రీఫ్ అనే శిల్పకారిణి ఒక చిన్న కళాప్రదర్శనశాలకు ప్రచారం కోసం దానిని తలపెట్టినారు. గోడకు వేలాడే కళను దింపి, కదిలే దేహంమీద నిలపాలన్నది ఆమె సంకల్పం. 2005 నుండి ఆ ప్రదర్శన వెల్లింగ్టన్ నగరంలో జరుగుతున్నది. కర్ర, లోహం, తోలు, కాగితం, ప్లాస్టిక్ ఏదైనా అక్కడ చెల్లుతుంది. 2012లో దాని అత్యున్నత బహుమతి భారతదేశపు యువ రూపకర్తలకు దక్కినది. వస్తువు ఎంత వింతదైనా దానిని తొడిగిన మనిషి వేదికమీద నడవవలసిందే. నిలబెట్టి చూపే బొమ్మకు లేని బాధ్యత ఇది.

ఆ బాధ్యత ఎంతటిదో జపాన్ చిత్రకారిణి అత్సుకో తనాకా అంతకు చాలా ముందే చూపినారు. గుటాయ్ బృందానికి చెందిన ఆమె 1956లో రంగులు పూసిన విద్యుద్దీపాలతో, తీగలతో ఒక వస్త్రాన్ని కట్టి స్వయంగా ధరించినారు. వెలుగులో మనిషి రూపం దాదాపు మరుగైపోయినది. చూసేవారికి అది అద్భుతం. లోపల ఉన్నామెకు వేడి, బరువు, విద్యుద్ఘాత భయం. ఆ వస్త్రాన్ని గురించి మాట్లాడేవారు రంగులను పొగడి లోపలి మనిషిని మరచిపోతుంటారు.

దీనికి పూర్తిగా ఎదురు కథ అమెరికాలో నడిచినది. 1966లో స్కాట్ పేపర్ కంపెనీ తన సరకుల ప్రచారానికి కాగితపు గౌనును ఒకటింపావు డాలరుకు అమ్మినది. సుమారు 5 లక్షల గౌనులు చెల్లిపోయినవి. కొన్నాళ్ళు తొడిగి పారవేయడమే అందులోని ముచ్చట. కొన్ని సంవత్సరాలకే ఆ మోజు తీరినది. నేటి బడి వేషాలు, నిజం చెప్పాలంటే, నెల్సన్ కంటే ఈ గౌనుకే దగ్గరి చుట్టాలు.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. వీధినాటక, యక్షగాన కళాకారులు రాత్రంతా ఆడవలసినవారు గనుక కిరీటాలను, భుజకీర్తులను తేలిక కర్రతో చేయించుకొని అద్దపు బిళ్ళలు అతికించుకొన్నారు. దివిటీ వెలుగులో అది బంగారమే. తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు వెదురు బద్దలతో గోపురంలా కట్టిన సప్పరాన్ని తలకెత్తుకొని నడుస్తారు. చెన్నైకి సమీపంలోని పెరియపాళయం భవానీ అమ్మవారికి మొక్కుకొన్నవారు వేపమండలనే చీరగా చుట్టుకొంటారు. ఆ గుడికి వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన దృశ్యమే. ఇవి భక్తికార్యాలు, పోటీ ప్రదర్శనలు కావు. ఆ భేదాన్ని చెరిపివేయరాదు. కాని చేతిపనిగా చూస్తే వీటిలో ఒక తెలివి ఉన్నది. వస్తువు దొరికే చోటు దగ్గర, మోసే బరువు తెలిసినది, పని తీరిన పిమ్మట వేపాకు మట్టిలో కలిసేది.

ఇక నగరం సంగతి. 2022 జూలై 1 నుండి దేశమంతటా ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, గొట్టాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ నిషిద్ధం. అంటే బడిపిల్లల వేషాల్లో సగం సామగ్రి చట్టం వద్దన్నదే. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు తడి, పొడి, ఇంటి ప్రమాదకర వ్యర్థాలను వేరుచేయమన్నవి. జిగురుతో కాగితానికి ప్లాస్టిక్‌ను, దానికి రేకును, రేకుకు చిన్న బ్యాటరీ దీపాన్ని అతికించిన వేషాన్ని మరునాడు ఎవరు వేరుచేయగలరు? ఆ పని తెల్లవారుజామున వట్టి చేతులతో చెత్త ఏరేవారి పాలిట పడుతున్నది.

అందుచేత ఆ చీటీలో ఉపాధ్యాయులు మరికొన్ని మాటలు చేర్చవచ్చును. కొత్తగా ఏదీ కొనరాదు. జిగురుకు బదులు దారంతో కుట్టవలెను, ముడివేయవలెను. అప్పుడు విప్పడం సులభం. పాత వార్తాపత్రికలు, చిరిగిన చీరల అంచులు, గోనెసంచులు, కొబ్బరి మట్టలు, పాలపొట్లాల కవర్లు చాలును. కవర్లను ముందు కడిగి ఆరబెట్టవలెను. ముఖానికి, ముక్కుకు ప్లాస్టిక్ చుట్టరాదు. వేషం తొడిగిన పిల్లవాడు కూర్చోగలడా, చేతులెత్తగలడా, ఒకరి సాయం లేకుండా మంచినీళ్ళు తాగగలడా అని ఇంట్లోనే ఒక్కసారి చూడవలెను. బహుమతి నిర్ణయించేవారు సైతం మెరుపును చూసే ముందు ఆ మూడింటినీ పరీక్షించవలెను.