కాశీమజిలీ నుంచి వెండితెరకు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగువారికి కాశీ పుణ్యక్షేత్రం మాత్రమే కాదు. అదొక కథల దారి. మధిర సుబ్బన్న దీక్షితులు ఆ దారినే ‘కాశీమజిలీ కథలు’గా తీర్చారు. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరుతాడు. తోడు వచ్చిన పశువుల కాపరికి మజిలీ మజిలీకీ కథ కావాలి. కథలోంచి కథ పుడుతుంది, దారి సాగుతుంది.

ఆ దారికి చంద్రపూర్ కొత్త ఊరు కాదు. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయి మద్రాసు, ఢిల్లీ నేరుగా కలిసిన తరువాత, ఉత్తరాదికి పోయే తెలుగు యాత్రికులెందరికో ఈ ప్రాంతం ఒక మజిలీ అయింది. బొగ్గుగనులలో, కాగితం మిల్లులో పనికోసం వచ్చిన కుటుంబాలు ఈ మజిలీలోనే స్థిరపడిపోయాయి. వారు వెంట తెచ్చుకున్న మూటలో కథలూ ఉన్నాయి.

ఆ కథలలో ఒకదాని ఆధారంగా 1951లో విజయా సంస్థ ‘పాతాళభైరవి’ చిత్రాన్ని నిర్మించింది. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి, దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. తోటరాముడుగా ఎన్.టి.రామారావు, నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు నటించారు. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రాన్ని ప్రదర్శించారు.

చిన్ననాట కథ చదివినవాడు పెద్దయ్యాక దానిని తెరపై చూసేటప్పుడు అతనిలో ఇద్దరు ప్రేక్షకులుంటారు. ఒకడు మాంత్రికుడి కంటిచూపుకు, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణంలోని మాయలకు ముగ్ధుడవుతాడు. రెండోవాడు ‘నేను ఊహించిన గుహ ఇది కాదే!’ అని లోలోపల చిన్నబుచ్చుకుంటాడు. ఇద్దరి మాటా నిజమే. పుస్తకంలోని మాంత్రికుడికి ఎంతమంది పాఠకులో అన్ని ముఖాలు. తెరమీద ఒక్కటే ముఖం. రంగారావుగారిని చూసిన తరువాత మరో మాంత్రికుణ్ణి ఊహించడం ఎవరితరం?

అలాగని చిత్రం పుస్తకానికి ద్రోహం చేసిందనడం న్యాయం కాదు. అది పుస్తకాన్ని పేజీ వెంట పేజీగా అనుసరించలేదు. ఒక కథను ఎన్నుకుని, తనకు తగినట్టు మలచుకున్నది. కోరినదిచ్చే బొమ్మ, రాత్రికి రాత్రి వెలసిన మేడ, మాంత్రికుడు మేడతోసహా రాజకుమారిని అపహరించడం – వీటిలో అల్లావుద్దీన్ అద్భుతదీపం ఛాయలు స్పష్టం. ఆ అల్లావుద్దీన్ కథ కూడా సిరియా దేశస్థుడైన హన్నా దియాబ్ నోట విని, ఆంత్వాన్ గాలాన్ 1712లో ఫ్రెంచిభాషలో ప్రచురించినది. ఒకరి నోట విన్నది మరొకరి చేతిలో కొత్త రూపం ధరించడం కథకు సహజధర్మం. కాపరికి యతి చెప్పినదైనా, ప్రేక్షకుడికి తెర చెప్పినదైనా కథ బతికేది ఆ మార్పుతోనే.

అయితే ఈ రెండింటికీ ఒక భేదం ఉంది. ఆ భేదమే ఈనాటి సభకు ముఖ్యం. సినిమాకు చెవి, కన్ను ఉంటే చాలు; పుస్తకానికి అక్షరం కావాలి. ‘డింభకా’ అన్న పిలుపును సినిమా ఇంటింటికీ చేర్చింది. నిఘంటువు తెరవనివారు కూడా ఆ మాట వింటే మాంత్రికుణ్ణి తలుచుకుంటారు. కాని డింభకుడంటే బాలుడని తెలిసేది చదువుకున్నవాడికే. వీధిలో మరాఠీ, దుకాణాల బోర్డులపై దేవనాగరి, ఉద్యోగానికి ఇంగ్లీషు, హిందీ అవసరమైన ఈ ఊరిలో తెలుగు చెవికి సినిమాల వల్ల, ఇంటి మాటల వల్ల అందుతూనే ఉంటుంది. కంటికి మాత్రం బడి ఒక్కటే దిక్కు. ఆ కొస తెగితే పిల్లవాడికి తోటరాముడు మిగులుతాడు, మణిసిద్ధుడు మిగలడు.

మరాఠీ చదివితే తెలుగు పోతుందన్న భయం అక్కరలేదు. నాగిరెడ్డి, చక్రపాణి గారలే 1947లో ప్రారంభించిన ‘చందమామ’ మరాఠీలో ‘చాందోబా’గా వెలువడింది. ఒకే బేతాళకథను రెండు లిపులలో చదవగల అవకాశం ఇలాంటి సరిహద్దు ఊళ్ల పిల్లలకే దక్కింది. ఆ పత్రిక ఇప్పుడు వెలువడడం లేదు కనుక ఆ బాధ్యత బడి గ్రంథాలయానిది, ఇంటి పెద్దలది.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలకు ‘పాతాళభైరవి’ తప్పక చూపించండి. మరునాడు ‘కాశీమజిలీ కథలు’ వారి ముందుంచండి. గ్రాంథిక వచనం కష్టమనిపిస్తే పెద్దలే చదివి వినిపించండి. ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క మజిలీ చాలు. పూర్వ విద్యార్థులు ఈ బడికి ఏదైనా కానుక ఇవ్వదలిస్తే, గోడమీద పేరు చెక్కించే రాతిపలక కన్న కథల పుస్తకాలతో నిండిన ఒక బీరువా మేలు.

డెబ్బైఐదేళ్లుగా పరాయి లిపి మధ్య సొంత లిపిని నేర్పుతూ వస్తున్న ఉపాధ్యాయుల కృషికి అంతకు మించిన సత్కారం లేదు. ఈ విద్యాలయం నూరేళ్ల పండుగనూ తెలుగు అక్షరంతోనే జరుపుకొనుగాక!

స్వస్తి.