టిగ్ వెల్డింగు టార్చి: అరిగిన భాగములను గుర్తించుట
(పంచాయతీ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

పాల క్యానులు, మంచినీటి తొట్లు మున్నగు స్టెయిన్‌లెస్ స్టీలు సామగ్రి నేడు గ్రామములలో విస్తారముగా వాడుకలోనికి వచ్చినది. ఇట్టి పలుచని రేకులను అతుకుటకు వెల్డింగు షాపులలో టిగ్ పద్ధతిని అవలంబించుచున్నారు. ఈ పనికి ఆయువుపట్టు వెల్డరు చేతిలోని టార్చి. దాని భాగములు అరిగినచో అతుకు చెడును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును. కావున అరుగుదలను గుర్తించు విధమును మీకు మనవి చేయదలచితిమి.

టార్చి నడుమ టంగ్‌స్టన్ కడ్డీ యుండును. దాని మొనకును రేకునకును నడుమ పుట్టు ఆర్కు రేకును కరగించును. 3,400 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఈ కడ్డీ కరగదు. కాని కాగియున్నప్పుడు గాలి సోకినచో చెడిపోవును. అందులకే దాని చుట్టును ఆర్గాన్ వాయువును ప్రవహింపజేయుదురు.

అతుకు మసిబారుట, అందు సన్నని రంధ్రములు పడుట, కడ్డీ మొన నీలముగనో నల్లగనో మారుట, ఇవి గాలి సోకినదనుటకు గుర్తులు. సిలిండరులో వాయువు కలదనియు, పనిచోట ఈదురుగాలి లేదనియు చూచుకొని, పిదప టార్చిని పరీక్షింపవలెను. ముందుగా కరెంటు తీసివేసి, టార్చిని చల్లారనీయవలెను.

పింగాణీ కప్పు అంచు పెచ్చులూడినను, బీటలు వారినను వాయువు చెదరిపోవును. కడ్డీని పట్టియుంచు కాలెట్ మెలిపడినచో, ఎంత బిగించినను కడ్డీ జారును. ఆర్కు నిలుకడ తప్పును. కాలెట్ బాడీ రంధ్రములు పూడినచో వాయువు సమముగా రాదు. వెనుక మూతలోని రబ్బరు వలయము పైకి కానరాదు. అది ఎండి పగిలినచో గాలి లోనికి చొరబడును. ఇవి చిన్న భాగములే. అరిగిన దానిని తీసి క్రొత్తది వేయుటయే మేలు.

పిడి పగిలినను, కేబులు తొడుగు చిట్లి తీగ బయటపడినను ఆ టార్చితో పని చేయరాదు. చెమట పట్టిన చేతులతో, చెప్పులు లేని కాళ్లతో పనిచేయువానికి అది ప్రాణాపాయము. టేపు చుట్టి కాలము గడుపుట తగదు.

పాల క్యాను అతుకులోని సూదిబెజ్జము కంటికి ఆనదు. కడిగినను అందు పాల జిడ్డు మిగులును. మరునాడు పోసిన పాలు విరుగును. ఆ నష్టము పాడి రైతుది. కావున పంచాయతీ పనులకు బిల్లు చెల్లించుటకు ముందు అతుకును లోపలి నుండి కూడ పరీక్షింపుడు. పని జరుగుచున్నప్పుడే ఒకపరి షాపునకు పోయి, ఆ టార్చి ఎట్లున్నదో విచారింపుడు.