దొరికింది గాని, పొలము మనది కాదు

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలో, పనికి బయలుదేరే ముందు ఈ నాలుగు మాటలు వినడానికి కూర్చున్న సహోదరీ సహోదరులారా, ఈ ఉదయకాల ధ్యానము కొరకు మత్తయి సువార్త 13వ అధ్యాయము 44వ వచనము తెరవండి.

ఒక మనుష్యునికి పొలములో నిధి దొరికింది. అతడు దానిని సంచిలో వేసుకొని పారిపోలేదు. తిరిగి అక్కడే దాచాడు. ఇంటికి వెళ్ళి, ఉన్నదంతా అమ్మి, ఆ పొలము కొన్నాడు. పరలోకరాజ్యము ఎంత విలువైనదో ఈ ఉపమానము నుండి మనము ఎన్నోసార్లు విన్నాము. ఈ దినమున మాత్రము అందులోని ఒక చిన్న సంగతిని గమనించుదాము. నిధి అతనికి దొరికింది గాని, పొలము అతనిది కాదు. ఆ తేడా అతనికి తెలుసు.

ఈ సంగతి నాకు ఒక ఆట వలన అర్థమైంది. జియోక్యాషింగ్ అని ఒక ఆట ఉన్నది. 2000వ సంవత్సరము మే నెలలో అమెరికా ప్రభుత్వము జీపీఎస్ ఉపగ్రహ సంకేతాలలో కావాలని పెట్టిన తప్పును తీసివేసింది. దానితో సామాన్యుని చేతిలోని చిన్న యంత్రము కూడా చోటును దగ్గరగా చూపించసాగింది. మే 3వ తేదీన ఆరిగాన్ రాష్ట్రములో ఒకాయన ఒక బకెట్టులో కొన్ని వస్తువులు పెట్టి, అడవిలో దాచి, ఆ చోటు అంకెలు అందరికీ తెలియజేశాడు. అలా ఈ ఆట మొదలైంది. ఇప్పుడు లోకమంతటా లక్షలాది డబ్బాలు అలా దాచి ఉన్నవి. వెదికి కనుగొన్నవారు అందులోని పుస్తకములో పేరు వ్రాసి, డబ్బాను మరల అక్కడే పెట్టి రావాలి. ఆటలో చెడుగు ఏమీ లేదు. డబ్బా పెట్టే ముందు భూమి యజమాని అనుమతి తీసుకోవాలని ఆ ఆట నియమాలే చెబుతున్నవి.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను.

కొన్నేండ్ల క్రిందట దేవరకొండ వైపు మా సంఘములోని ఒక రైతు నన్ను తన చెలకకు తీసుకొని వెళ్ళాడు. గుట్ట కింద ఐదెకరాలు. కంది, ఆముదము వేస్తాడు. బండల మధ్య ఒక అరుగు మీద, పుల్ల కూడా పేర్చకుండా వట్టి నేల మీదనే, ఒక పెద్ద గుడ్లగూబ రెండు పిల్లలను పెట్టింది. ఊరివారు దానిని అపశకునమంటారు. ఆయన మాత్రము, "ఎలుకలను తింటది అయ్యగారూ, నా చేనుకు ఇదే కావలి. ఎవ్వలకు చెప్పకుండ్రి," అన్నాడు. చెప్పనని మాట ఇచ్చాను.

ఆ వారమే పట్నములో ఒక యౌవనస్థుల కూటములో దేవుని సృష్టిని గూర్చి మాట్లాడుతూ, ఆ గుట్టను, ఆ పక్షిని వర్ణించాను. చప్పట్లు కొట్టారు. నాకు సంతోషము కలిగింది. కూటము తరువాత ఒక తమ్ముడు, "ఎక్కడ అయ్యగారూ?" అని అడిగితే చోటు చెప్పాను. అతడు మంచివాడే. స్నేహితులతో కలిసి వెళ్ళి, చోటు బాగున్నదని ఆ బండ కిందనే ఒక డబ్బా దాచి, అంకెలు పంచాడు. ఇక ప్రతి ఆదివారము మధ్యాహ్నము బండ్ల మీద పిల్లలు రాసాగారు. కంప తొలగించి దారి చేసుకున్నారు. ఆ సందులో నుండి మేకలు దూరి, కోతకు వచ్చిన కందిని మేసినవి. తల్లి పక్షి బెదరి లేచిపోయింది. కొన్ని దినములకు గూటిలో పిల్లలు కూడా లేవు. ఎండకు చచ్చినవో, ఎవరైనా ఎత్తుకుపోయారో తెలియదు. చేతబడి పేరున గుడ్లగూబలను పట్టి అమ్మేవారు మన దేశములో ఉన్నారు గదా.

నేను వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆ పిల్లలను వెంటబెట్టుకొని డబ్బా తీయించాను, కంప కట్టించాను, పంట నష్టము కొంత ఇచ్చాను. ఆయన అన్నది ఒక్కటే మాట: "పిట్ట పాయె, మాట గూడ పాయె అయ్యగారూ." ఆయన నేటికీ ఆరాధనకు వస్తాడు. నాకు వందనాలు చెబుతాడు. కానీ తన చెలకలో ఏమున్నదో నాకు చెప్పడు.

ప్రియులారా, ఒక్క పక్షి కొరకు ఇంత మాటెందుకు అనవచ్చును. కడప జిల్లాలోని కలివికోడి సంగతి వినండి. ముండ్లపొదల మధ్య రాత్రివేళ తిరిగే ఈ చిన్న పక్షి 1848లో శాస్త్రజ్ఞులకు తెలిసింది. 1900 ప్రాంతములో దానిని చూచినవారిలో ఒకరు, లండన్ మిషన్ తరఫున రాయలసీమలో సేవ చేసిన హోవార్డ్ క్యాంప్‌బెల్ అనే మిషనరీ. అటు తరువాత ఎనభై ఐదేండ్లు అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మరల దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు వెదుకుచుండగా, రాత్రి దీపపు వెలుగులో దానిని పట్టి చూపించినవాడు ఆ ప్రాంతపు వేటగాడు ఐతన్న. ఆ పక్షి కొరకే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడింది. తెలుగుగంగ కాలువ సైతము దారి మార్చుకొనవలసి వచ్చింది. అంతటి అపురూపమైన ప్రాణి విషయములో చోటు బయటపెట్టడము ఎంత ప్రమాదమో ఆలోచించండి. చూడాలని వచ్చేవాడు ప్రేమతోనే రావచ్చును. వాని అడుగు కింద గుడ్డు పగులుతుంది. వాని వెనుక వచ్చేవాడు వలతో వస్తాడు.

దేవుడు ఈ విషయములో మౌనముగా లేడు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములు చదవండి. దారిలో పక్షి గూడు కనబడితే పిల్లలతో కూడ తల్లిని తీసుకొనకూడదని ఆజ్ఞ. అలా చేస్తే మేలు, దీర్ఘాయువు కలుగునన్న వాగ్దానము కూడా ఉన్నది. తలిదండ్రులను సన్మానించేవారికి ఇచ్చిన వాగ్దానము వంటిదే, గూటి దగ్గర చెయ్యి వెనుకకు తీసుకొన్నవానికీ ఇచ్చాడు! అదే గ్రంథము 23వ అధ్యాయము చివరన, పొరుగువాని చేనిలో చేతితో వెన్నులు త్రుంచి తినవచ్చును గాని కొడవలి వేయకూడదని ఉన్నది. పొరుగువాని చేను ఆకలికి తెరిచే ఉన్నది, ఆశకు మాత్రము హద్దు ఉన్నది.

నాకు ఎక్కువగా గుచ్చుకున్నది హిజ్కియా చరిత్ర. యెషయా 39వ అధ్యాయములో బబులోను దూతలు వచ్చినప్పుడు అతడు సంతోషించి, తన ఇంటిలోని ధనమంతా చూపించాడు. దాచినది ఏమీ లేదు. చూపించినదంతా ఒక దినమున బబులోనుకు పోవునని ప్రవక్త చెప్పాడు. అతడు శత్రువుకు అమ్ముకోలేదు, మెప్పు కొరకు చూపించాడు, అంతే. నేను చేసినదీ అదే. నమ్మకమైనవాడు సంగతి దాచునని సామెతలు 11వ అధ్యాయములో జ్ఞాని చెప్పిన మాట ప్రసంగించినవాడను నేను. కూటములో చప్పట్లు వినగానే మరచిపోయాను.

కాబట్టి ప్రియ యౌవనస్థులారా, గుట్టలు ఎక్కండి, దేవుని చేతిపని చూడండి. అయితే ఎవరి చెలకనో ముందు తెలుసుకొని, ఆ రైతును అడిగి అడుగు పెట్టండి. గూడు కనబడితే దూరము నుండే చూచి మరలిపోండి. ఫోటో తీసినా, చోటు ఎవరికీ పంపకండి. తలిదండ్రులారా, బోధకులారా, మన దగ్గర ఎవరైనా ఒక సంగతి దాచుకుంటే, అది పక్షి గూడైనా, ఒక కుటుంబపు కన్నీరైనా, సాక్ష్యము చెప్పే నెపముతో దానిని బయట వేయకుందము. పోయిన మాటను కంప కట్టినట్టు తిరిగి కట్టలేము.

రెండు కాసులకు అమ్మే ఐదు పిచ్చుకలలో ఒక్కదానినైనా మరువని తండ్రి మనకున్నాడు. ఆ బండ మీద అరుగు ఎన్నాళ్ళు ఖాళీగా ఉన్నదో ఆయనకు తెలుసు. మాట తప్పిన నన్ను కూడా ఆయన మరువలేదు. అదే నా నిరీక్షణ.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న తండ్రీ, నీవు మాకు చూపించిన వాటిని కాపాడే మనస్సు దయచేయుము. మా నోటికి కావలి యుంచుము. మా వలన నష్టపోయిన పొరుగువారి యొద్దకు వెళ్ళి సరిచేసుకొనే ధైర్యము అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.