ఉపాధ్యాయ పదవి - ఇంటర్వ్యూకు సన్నాహము



గ్రంథాలయమునకు ప్రతిదినము వచ్చువారిలో ఉద్యోగ ప్రకటనల కొఱకు పత్రికలు తిరుగవేయు యువతీ యువకులు పెక్కుమంది. ఉపాధ్యాయ శిక్షణ ముగించి, పిలుపు కొఱకు ఎదురుచూచువారును వారిలో కలరు. రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలకు డి.ఎస్సీ. వ్రాతపరీక్ష ద్వారా ఉపాధ్యాయులను ఎన్నుకొనుచున్నారు. ప్రైవేటు పాఠశాలలయందు మాత్రము ఇంటర్వ్యూ జరుపుట, ఒక పాఠము చెప్పించి చూచుట పరిపాటి.

ఇంటర్వ్యూ అనగానే అభ్యర్థులు ప్రశ్నోత్తరముల పుస్తకము కొని కంఠస్థము చేయుదురు. కంఠస్థము చేసిన సమాధానము మొదటి ప్రశ్నకు చాలవచ్చును, "ఎందువలన?" అను రెండవ ప్రశ్నకు నిలువదు. ఎన్నికచేయువారు ఎన్ని అడిగినను వారు తెలిసికొనగోరునది ఒక్కటే: ఈ అభ్యర్థి చెప్పినచో పిల్లవానికి బోధపడునా?

ఒక ఉదాహరణము. 52 నుండి 27 తీసివేయుమనగా, మూడవ తరగతి బాలుడొకడు 35 అని వ్రాసెననుకొందము. తప్పని కొట్టివేయుట ఎవరికైనను సాధ్యమే. రెండులోనుండి ఏడు పోదు గనుక వాడు ఏడులోనుండి రెండు తీసివేసినాడని గ్రహించుట ఉపాధ్యాయుని పని. పదేసి చీపురుపుల్లలు కట్టిన అయిదు కట్టలను, విడిగా రెండు పుల్లలను వాని ముందుంచి, ఇరువదియేడు తీయుమనవలెను. కట్ట విప్పక తప్పదని వాని చేతులే వానికి చెప్పును. మిగిలినవి 25 అని వాడే లెక్కించును. ఇట్టి పాఠమొక్కటి చక్కగా సిద్ధపఱచుకొనిన అభ్యర్థికి నూఱు సమాధానములు వల్లెవేసిన వానికంటె ధైర్యముండును.

"పిల్లవాడు అల్లరి చేసిన ఏమి చేయుదురు?" అనునది తఱచుగా వచ్చు ప్రశ్నము. బెత్తము పేరు చెప్పువారు తమ అవకాశమును తామే పోగొట్టుకొందురు. 2009 నాటి విద్యాహక్కు చట్టము, 17వ సెక్షనులో, శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది. అయినను చట్టము పేరు చెప్పి ఊరకుండుట చాలదు. అల్లరికి కారణము ఆకలియా, పాఠము అర్థముకాకపోవుటయా, ముందే అర్థమై తోచకపోవుటయా అని విచారించుదునని చెప్పగలుగవలెను.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా (1885-1939) రచించిన 'దివాస్వప్న' ఈ సందర్భమున చదువదగిన గ్రంథము. అందు లక్ష్మీరామ్ అను ఉపాధ్యాయుడు విద్యాధికారిని కలిసికొని, నాల్గవ తరగతిని ఒక సంవత్సరము తనకు అప్పగింపుమని కోరును. ఇంటివద్ద ఎంతో ఆలోచించి వేసికొన్న పథకము మొదటి దినముననే పిల్లల గోలలో కొట్టుకొనిపోవును. మఱునాడు ఆతడు కథ ప్రారంభింపగా పిల్లలు చుట్టును చేరుదురు. పిల్లలను ఎఱుగని సన్నాహము సన్నాహము కాదని దీని భావము.

కనుక అభ్యర్థి అద్దము ముందు కాక, పిల్లల ముందు అభ్యాసము చేయుట మేలు. సాయంకాలము గ్రంథాలయపు అరుగుపై పదిమంది బాలబాలికలను కూర్చుండబెట్టి పాఠము చెప్పవలెను. వారు ఆవులించిన చోటును గుర్తుంచుకొని దిద్దుకొనవలెను. ఇంటర్వ్యూకు ముందునాడే అసలు ధ్రువపత్రములను, నకళ్లను వరుసగా అమర్చుకొనవలెను. ఆ పాఠశాలలో ఏ తరగతులున్నవో, ఏ మాధ్యమమున బోధింతురో విచారించుకొనవలెను. తెలియని ప్రశ్నకు తెలియదని వినయముగా చెప్పవలెను. ఊహించి చెప్పు అలవాటు రేపు తరగతిలో పిల్లలకు హాని చేయును.

ఉద్యోగము రానిచో అభ్యర్థికి మఱియొక ప్రకటన వచ్చును. చదువు అర్థముకాక గడచిన సంవత్సరము మాత్రము పిల్లవానికి తిరిగి రాదు. ఈ గ్రామమునుండి వెళ్లు ప్రతి ఉపాధ్యాయుడును, ఉపాధ్యాయినియు ఈ సంగతిని మనస్సున నుంచుకొని ఆ గదిలో అడుగిడుదురు గాక! అట్టివారికి గ్రంథములనే గాక, శ్రోతలనుగూడ సమకూర్చు ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!