నీట మునిగి బ్రదికిన వరి



నీటియందే పెరుగు వరి నీటిపాలై చచ్చుట వింతగ దోచును. కాని మడిలో నీరు నిలుచుట వేరు. ఆకు కొనలతో సహా పైరు మునుగుట వేరు. మునిగిన పైరునకు గాలియు వెలుతురును కొరవడును. సామాన్యమైన వరి అప్పుడు తల పైకెత్తవలెనను ఆత్రముతో ఆకులను, కాండమును సాగదీయును. దాచుకొన్న ఆహారమంతయు ఆ యత్నముననే వ్యయమగును. నీరు తీసిన పిదప నిలువలేక కూలును.

ఒడిశా రైతులు కాపాడిన ధలపుట్టియా యను నాటు వరి యట్లు చేయదు. దానినుండి ఏర్చి తీసిన ఎఫ్‌.ఆర్‌. 13ఏ అను వంగడము రెండు వారముల వరకు మునిగియుండియు బ్రదుకగలదు. ఈ రహస్యము 2006లో వెల్లడియయ్యెను. వరి క్రోమోజోములు పండ్రెండు జతలు. అందు తొమ్మిదవ దానిపై సబ్‌1ఏ అను జన్యువు కలదు. మునిగిన మొక్కలో ఎథిలీన్‌ వాయువు వెలుపలికి పోజాలక పోగగును. అది యీ జన్యువును మేల్కొల్పును. జన్యువు పెరుగుదలను అణచును. మొక్క యున్నదానిని పొదుపుగ వాడుకొనుచు వేచియుండి, నీరు తీసినంతనే మరల చిగిర్చును.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనాక్షేత్రమున బుట్టిన స్వర్ణ వరిని మీరెల్లరు నెరుగుదురు. దిగుబడి ఘనమే కాని మునుకకు తాళదు. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు దానిని ఎఫ్‌.ఆర్‌. 13ఏ సంతతితో సంకరపరచి, మరల మరల స్వర్ణతోనే కలుపుచు, ఆ జన్యువు గల మొలకలనే యేరిరి. అట్లు పుట్టిన స్వర్ణ-సబ్‌1 మన దేశమున 2009లో విడుదలయ్యెను.

ఇంతటితో తృప్తిపడరాదు. నెలల తరబడి నిలిచిన నీటికి ఈ జన్యువు మందు కాదు. అనావృష్టి కోర్చుట యొక్క జన్యువు పనియు గాదు, పెక్కింటి కూడిక. ఉప్పునీటి కోర్చు గుణమునకు కేరళ తీరపు పొక్కాలి వరిని వెదకవలసివచ్చెను. ప్రతి యాపదకును ఏదో యొక పల్లె విత్తనమే దిక్కగుచున్నది.

ఎఫ్‌.ఆర్‌. 13ఏ దిగుబడి స్వల్పము. బియ్యమును మేలైనవి కావు. పనికిరాదని యా రైతులు పారవైచియున్న, నేడు స్వర్ణకు రక్ష యెక్కడిది? న్యాయవాదులము గనుక నొక్క మాట చెప్పుదుము. 2001 నాటి చట్టము తన విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు రైతునకు హక్కు నొసగినది. కాని దాచుటకు విత్తనమే లేనినాడు హక్కెందులకు?

పట్టణవాసులారా! మీ స్వగ్రామములకు పోయినపుడు పెద్దల నడుగుడు. పాత వరుల పేర్లు, అవి యే నేలలో నే కష్టమున కోర్చెనో వ్రాసికొనుడు. గింజలు మిగిలియున్నచో ఏటేట నొక మడియైనను విత్తింపుడు. గాదెలో మూలబడిన గింజ మొలకెత్తు శక్తిని గోల్పోవును. చేనిలోని విత్తు బ్రదికియుండును.