చౌడును తట్టుకునే పైరు

మురుగు పోయే దారిలేని తరి పొలంలో చౌడు తేలుతుంది. అందులోని సోడియం కణాల్లో పేరుకుంటే పైరు ఎదగదు. ఆ సోడియాన్ని కణం లోపలి రసపు సంచిలోకి తోసి బంధించే పొర ప్రోటీన్ ఒకటి మొక్కల్లో ఉంది.

1999లో టొరంటో శాస్త్రవేత్తలు అరబిడాప్సిస్ మొక్కలో ఆ ప్రోటీన్ జన్యువు మరింత పనిచేసేలా చేశారు. మొక్క ఉప్పునీటిని తట్టుకుంది. 2001లో అదే జన్యువును టమాటాలో చొప్పించారు. సోడియం ఆకుల్లో నిలిచింది, కాయల్లోకి చాలా తక్కువగా చేరింది. అందుకే జన్యువును వేరుచేస్తే చాలదు. వేరులో, ఆకులో, కాయలో అది ఎంత పనిచేస్తుందో విడివిడిగా కొలవాలి.

అలా చౌడును తట్టుకునే పైరు వచ్చేలోగా మన చేతిలో ఉన్నవి వదలొద్దు: పాలచౌడుకు మురుగు కాలువ, కారుచౌడుకు జిప్సం, రెంటికీ జీలుగ పచ్చిరొట్ట. మట్టి పరీక్షతోనే మొదలుపెట్టండి.